మాటకో సూర్యుడు

కామెన్ దోల్,
అక్టోబరు 9

ఒరే ల్యూబెన్,

నీ పుస్తకం మా బడికి చేరింది. దాంతోపాటు ఒక అట్టపెట్టె నిండా పసుపుపచ్చ కాగితపు సూర్యుళ్ళు కూడా వచ్చాయి. ప్రతి సూర్యుడికీ ముందు నవ్వు, వెనక జిగురు. పేరు కూడా బాగానే పెట్టావు: 'మాటకో సూర్యుడు'. ఇంట్లో టర్కిష్ మాట్లాడే పిల్లలకు బల్గేరియన్ ఎలా నేర్పాలా అని నేను జీవితమంతా తల బద్దలు కొట్టుకున్నాను. నువ్వు రూసేలో కుర్చీలో కూర్చుని జిగురుతో తేల్చేశావు.

పుస్తకం మొత్తం చదివాను. రిటైరైన పంతులికి వేరే పనేముంటుంది? అలవాటు కొద్దీ ఎర్ర సిరా చేతిలో పెట్టుకునే చదివాను. మార్కు: ఆరుకు మూడు. అక్షరదోషాలు లేవు కాబట్టి రెండు వేసి ఫెయిలు చెయ్యలేదు. బైజాంటైన్ చక్రవర్తులు బిరుదులు పంచీ పంచీ చివరికి వంటవాడికి కూడా ప్రభువు హోదా కట్టబెట్టారని చదివాం గుర్తుందా? నీ నాలుగో అధ్యాయం చదువుతుంటే వాళ్ళే మళ్ళీ పుట్టారనిపించింది.

ఫలితాలు మొదలయ్యాయి కూడా. నిన్న రొట్టెల కొట్టు దగ్గర మేయరు మనవడు ప్రెస్లావ్ ఎదురయ్యాడు. ఒకటో తరగతి. నన్ను చూసి నోరు బిగించుకుని నిలబడ్డాడు.

"ఏరా, పెద్దవాళ్ళు కనబడితే పలకరించవా?" అన్నాను.

"పలకరిస్తే ఎన్ని సూర్యుళ్ళిస్తావ్ తాతా?"

"చెవి మెలిపెడతా."

"అదెన్ని సూర్యుళ్ళకి సమానం?"

లెక్కల్లో వాడు పైకొస్తాడు. ఆ ఖ్యాతి నీదే.

అదే తరగతిలో మా పక్కింటి రుకియె మనవరాలు సెవ్దా ఉంది. తల్లి పట్నంలో కుట్టుమిషను ఫ్యాక్టరీలో పని చేస్తుంది, పిల్ల నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఇంట్లో అంతా టర్కిషే. బల్గేరియన్ మాత్రం నా కంచె మీదుగా నేర్చుకుంది. వాళ్ళ బాతు నా క్యాబేజీల్లో పడుతుంది, నేను అరుస్తాను, అది తిరిగి అరుస్తుంది.

"మీ బాతు దొంగది," అన్నాను ఒకరోజు.

"దొంగది కాదు. దానికాకలి. నీ కంచెకే బద్ధకం," అంది.

ఆరేళ్ళ పిల్ల, పరాయి భాషలో. నేను శభాష్ అనలేదు. సుత్తి తెచ్చి కంచె బాగు చేసుకున్నాను. నీ పుస్తకంలో ఈ పద్ధతి లేదు.

వియోలెతాకు నా నమస్కారాలు. ఆవిడ చేసే గుమ్మడికాయ బనిత్సా గుర్తొస్తోంది. నీ పుస్తకం కంటే దాంట్లో ఎక్కువ పొరలుంటాయి.

నెద్కో


రూసే,
నవంబరు 20

ప్రియమైన నెద్కో,

శభాష్! ఎంత చక్కగా రాశావు! పోలికలు అద్భుతం. చూశావా, ముందు మెచ్చుకోలు, సవరణ తర్వాత. రెండో అధ్యాయం సారం అదే. నీ ఎర్ర సిరా సారం అందుకు సరిగ్గా తలకిందులు.

నీకింకా నా మీద కోపం పోలేదని తెలుసు. నేను తనిఖీకి వచ్చినప్పుడు నీ మీద రాసిన మాట ఇప్పటికీ నిజమేనంటాను: 'ఈ ఉపాధ్యాయుడికి విషయపరిజ్ఞానం మెండు, కానీ పిల్లల్ని మెచ్చుకోవడం చేతకాదు.' దానివల్ల నీకు రావలసిన పతకం ఆగిపోయింది. పతకం అక్కర్లేదని నువ్వే అంటావు, ఇన్నేళ్ళ తర్వాత కూడా దాని గురించే రాస్తావు. అంటే నెద్కో, బహుమతి నీ మీద కూడా పనిచేస్తుందన్నమాట.

మీ టీచరు జోర్నిత్సా చాలా ఉత్సాహవంతురాలు. వారం వారం నివేదిక పంపుతుంది. మంచి కాగితం మీద ఒక ప్రశంసాపత్రం రాసి పంపాను. ఎంతో పొంగిపోయిందట. ఆ సెవ్దా అనే పిల్ల తరగతిలో అందరికంటే ఎక్కువ సూర్యుళ్ళు సంపాదించిందని కూడా రాసింది. నీ కంచె, నా జిగురు కలిసి పనిచేస్తున్నాయనుకుందాం.

వియోలెతా పడుకుంది. లేచాక నీ నమస్కారాలు చెబుతాను.

నీ
ల్యూబెన్


కామెన్ దోల్,
జనవరి 18

ఒరే ల్యూబెన్,

నువ్వు నాకు శభాష్ అన్నావు. ఆ తర్వాత రెండు నెలలు నీకు ఉత్తరం రాయబుద్ధి కాలేదు. ఇది గమనించు, పరిశోధనకు పనికొస్తుంది.

ఇక ఇక్కడి సంత సంగతి విను. మాటకో సూర్యుడన్నావు కదా. పొడుగు మాటకీ ఒకటే, పొట్టి మాటకీ ఒకటే. ఇది పిల్లలకు ఒక్క వారంలో అర్థమైపోయింది, నీకు మాత్రం పుస్తకం మొత్తం రాసినా అర్థం కాలేదు. ఇప్పుడు తరగతిలో ఎవరూ వాక్యం చెప్పరు. లేచి నిలబడి "పిల్లి" అంటారు, సూర్యుణ్ణి అతికించుకుని కూర్చుంటారు. తర్వాతి వాడు లేచి "ఇల్లు" అంటాడు. కిటికీ బయట నిలబడి విన్నాను. వేలంపాట అనుకున్నాను. ప్రెస్లావ్ ఇంకో అడుగు ముందుకేశాడు. మాటలు రాని పిల్లలకు చెవిలో మాట అందిస్తాడు, వచ్చిన సూర్యుళ్ళలో సగం తీసుకుంటాడు. పోప్‌లు పాపాలకు క్షమాపణ చీటీలు అమ్మినప్పుడు కూడా ఇంత పకడ్బందీగా నడవలేదు.

సెవ్దా ఒక్కతే ఇంకా పాత పద్ధతిలో ఉంది. నిన్న లేచి, మంచులో నక్క అడుగులు చూశాననీ, అవి వాళ్ళ కోళ్ళగూడు దాకా వచ్చి వెనక్కి తిరిగాయనీ, నక్కకు ఏదో గుర్తొచ్చి ఉంటుందనీ చెప్పుకుపోతోంది. పిల్లలు గొల్లున నవ్వారు.

"ఒక్క సూర్యుడి కోసం అంత చెప్పాలా, మొద్దూ?" అన్నాడు ప్రెస్లావ్.

జోర్నిత్సా కూడా గడియారం చూసుకుంది. పాపం, ఆ టీచరు నిండా పాతికేళ్ళు లేని పిల్ల. నువ్వు పంపిన ప్రశంసాపత్రం అద్దం కట్టించి బల్ల మీద పెట్టుకుంది. ఎప్పుడు ఇంకోటొస్తుందా అని చూస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ పుస్తకంలో మార్చి నెల పేజీ చూశాను. 'సూర్యుళ్ళకు బదులు పిల్లల సంస్కృతికి దగ్గరైన వస్తువును బహుమతిగా వాడవచ్చు. ఉదాహరణకు మార్తెనిత్సా' అని రాశావు. ఒరే, నువ్వు బల్గేరియాలోనే పుట్టావా? మార్చి మొదటి రోజున ఎరుపు తెలుపు దారం పేని, ఎదుటివాడి మణికట్టుకి కట్టి, ఏడాదంతా ఆరోగ్యంగా ఉండమంటాం. దాన్ని ఎవరైనా సంపాదించుకుంటారా? నీ భార్య నీకు కట్టే ముందు ఎక్కాలు అప్పజెప్పించుకుంటుందా? ఆ పేజీ చింపెయ్యమని అన్ని బళ్ళకూ ఉత్తరం రాయి. సరదాకి చెప్పడం లేదు.

నెద్కో


రూసే,
ఫిబ్రవరి 12

నెద్కో,

నీ ఆవేశం అర్థమైంది. కానీ శాస్త్రాన్ని ఆవేశంతో కొట్టెయ్యలేం. పిల్లవాడికి విలువైనదే బహుమతిగా పనిచేస్తుంది. మార్తెనిత్సా వాళ్ళకు విలువైనది, అందుకే అది మంచి బహుమతి. పుస్తకం అచ్చయిపోయింది, అన్ని బళ్ళూ మార్చి కోసం సిద్ధమయ్యాయి. ఇప్పుడు పేజీ చింపమంటే నవ్వుతారు.

పొట్టి మాటల సమస్యను రెండో ముద్రణలో చూస్తాను.

ఇంట్లో అంతా యథాప్రకారం.

ల్యూబెన్


కామెన్ దోల్,
మార్చి 15

ల్యూబెన్,

శాస్త్రం గెలిచింది. సెవ్దా నోరు మూతబడింది.

మార్చి మొదటి రోజు ఉదయం తలుపు దగ్గర జోర్నిత్సా ఒక పెట్టె పెట్టిందట. పిల్లలు ఒకరికొకరు కట్టుకోవడానికి తెచ్చిన దారాలన్నీ అందులో వెయ్యాలి. మాటలు చెప్పి ఒక్కోటీ గెలుచుకోవాలి. సాయంత్రానికి ప్రెస్లావ్ మోచేతి దాకా కట్టుకుని ఊరేగాడు, పతకాలు దిగేసుకున్న సేనాధిపతిలా. సెవ్దా చేతికి మాత్రం నాయనమ్మ ఇంట్లో కట్టిన దారం ఒక్కటే ఉంది. బడిలో ఆ రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. సూర్యుడికీ లొంగలేదు, మిఠాయికీ లొంగలేదు. నాతోనూ మాట్లాడటం లేదు. నిన్న కావాలనే, "మీ బాతు మొహం పన్ను వసూలు చేసేవాడి మొహంలా ఉంది," అన్నాను. పిల్ల నావైపు చూసి, బాతును చంకలో పెట్టుకుని లోపలికి పోయింది.

రుకియె మాత్రం నా వాకిట్లోకొచ్చి దుమ్మెత్తి పోసింది.

"మేస్టారూ, మీ బడివాళ్ళు ఆరోగ్యాన్ని కూడా అమ్ముతున్నారా? మాట రాని పిల్ల జబ్బున పడాలా ఈ ఏడు? పెద్ద చదువులు చదివి ఇదా మీరు కనిపెట్టింది?"

"నేను కనిపెట్టలేదు రుకియె. రూసేలో ఒకడు కనిపెట్టాడు."

"వాడికి తల్లి లేదా?"

ఈ ప్రశ్న నీకు యథాతథంగా అందజేస్తున్నాను.

నవ్వు ఇక్కడితో ఆపుతాను. హెడ్‌మిస్ట్రెస్ ఏమంటోందంటే, పిల్లకు భాష రాదు, బుద్ధి కూడా తక్కువేమో, కమిటీని పిలిపించి పరీక్ష చేయిస్తానంటోంది. అందులో తప్పితే జిల్లాలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడికి పంపేస్తారు. నీకూ నాకూ తెలుసు, మా ఊరి టర్కిష్ పిల్లల్ని ఎంతమందిని అలా పంపారో. అక్కడి నుంచి మామూలు బడికి తిరిగొచ్చిన వాళ్ళను నేను చూడలేదు. నువ్వు చూసుంటే రాయి.

ఎందుకు మాట్లాడటం లేదో నాకింకా అంతుపట్టలేదు. బహుమతి రాలేదని అలిగే రకం కాదది.

నెద్కో


రూసే,
మార్చి 29

ప్రియమైన నెద్కో,

నువ్వు కంగారు పడుతున్నావు. ఇది మాకు తెలిసిన స్థితే: ప్రేరణ లోపించడం. బహుమతి చాలకపోతే పెంచాలి. జోర్నిత్సాకు రాశాను, మాటకు మూడు సూర్యుళ్ళూ ఒక చాక్లెట్టూ ఇవ్వమని.

కమిటీ సంగతి: ఏప్రిల్ పద్నాలుగున వస్తుంది. దానికి అధ్యక్షుణ్ణి నేనే. నీ మాట మీద పిల్లను వదిలెయ్యలేను, పరీక్షలో ఏం కనిపిస్తే అదే రాస్తాను. నీ మీద నివేదిక రాసినప్పుడు కూడా అంతే చేశాను.

ఇక్కడ వసంతం తొందరగా వచ్చింది. నిన్న దునావ్ నది ఒడ్డున నడుస్తుంటే కొంగలు తిరిగొచ్చాయి. ఒక గుంపు సరిగ్గా నా తల మీదుగా వెళ్ళింది. చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. కొంగ కనబడితే ఆనవాయితీ కదా, జనం చేతులకున్న దారాలు విప్పి కొమ్మలకు కట్టుకుంటున్నారు.

ల్యూబెన్


కామెన్ దోల్,
ఏప్రిల్ 5

ల్యూబెన్,

తెలిసింది. ఇది రెండుసార్లు చదువు.

నిన్న ప్రెస్లావ్ నా గేటు దగ్గరకొచ్చాడు, జేబు నిండా మార్తెనిత్సాలతో. బేరం తగ్గింది, కొంగలొచ్చేశాయి కదా, చవగ్గా ఇస్తానన్నాడు. వాటిలో ఒకటి తీసి చూశాను. సన్నగా, ఒద్దికగా పేని ఉంది, మధ్యలో నీలం పూస. అలాంటి పూస మా ఊళ్ళో రుకియె ఒక్కతే గుచ్చుతుంది. నాక్కూడా కట్టింది.

"ఇదెక్కడిదిరా?"

"పెట్టెలోది. నేను గెల్చుకున్నా."

"పెట్టెలోకి ఎలా వచ్చింది?"

"సెవ్దాది తాతా. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి టీచర్ చేతికి కట్టింది. 'ఆరోగ్యంగా ఉండండి టీచర్, చెంపలు ఎర్రగా ఉండాలి' అంది. టీచర్ 'శభాష్ సెవ్దా, ఎంత బాగా పలికావు, ఒక్క తప్పు లేదు' అని సూర్యుణ్ణి అతికించింది. తర్వాత టీచర్ ఆ దారం విప్పేసి పెట్టెలో వేసింది."

"విప్పేసిందా?"

"మరి రూలు కదా? అన్నీ పెట్టెలోకే. సూర్యుడొచ్చింది కదా, ఇంకేం కావాలి? అయినా ఏడ్చింది, పిచ్చిది."

వాడి చెవి మెలిపెట్టలేదు. వాడికి మనం నేర్పిందే వాడు చెప్పాడు.

ఇప్పుడు నీ రెండో అధ్యాయంతో దీన్ని విప్పి చూపించు ప్రొఫెసర్. పిల్ల టీచరు ఆరోగ్యం కోరింది. ఆవిడేమో ఉచ్చారణ మాత్రమే విన్నది. రాత్రంతా కూర్చుని పేని తెచ్చిన దారానికి 'నువ్వు కూడా చల్లగా ఉండమ్మా' అంటే సరిపోయేది. ఊళ్ళో చదువురాని ముసలమ్మకు కూడా నోటికొచ్చే జవాబది. ఆవిడకు రాలేదు, ఎందుకంటే ఆవిడ చేతిలో నీ పుస్తకం ఉంది. మాట్లాడితే ఎదుటివాళ్ళు వినరు, మార్కు వేస్తారని ఆ పిల్లకు అర్థమైంది. ఇది అంతుపట్టక నాకే బుర్ర తక్కువనుకున్నాను ఇన్నాళ్ళూ. బల్గేరియన్ అంతా ఒక పరీక్ష అని ఏడేళ్ళ పిల్ల ఒక్క ఉదయంలో తేల్చుకుంది. నేను కూడా అదే భాష మాట్లాడతాను కాబట్టి నన్ను కూడా వదిలేసింది.

పద్నాలుగున రా. చాక్లెట్లు కూడా తెచ్చుకో. దార్లో నువ్వే తిను.

నెద్కో


రూసే,
ఏప్రిల్ 18

నెద్కో,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నువ్వు తలుపు బయట కూర్చుని దగ్గుతూనే ఉన్నావు కాబట్టి లోపల ఏమైందో నీకు తెలియదు. ఆ దగ్గులో సగం వెక్కిరింపని నాకు తెలుసు.

బొమ్మల కార్డులు చూపించాం. ఆపిల్, ఇల్లు, గుర్రం. పలకలేదు. సైకాలజిస్టు చాక్లెట్టు పెట్టింది. దాన్ని బల్ల అంచు దాకా నెట్టేసింది. జోర్నిత్సా మూల నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. నీ ఉత్తరం ఆమెకు చూపించాను, తప్పో ఒప్పో తెలియదు. హెడ్‌మిస్ట్రెస్ నావైపు చూసి 'ఇంకా ఎందుకు' అన్నట్టు తలూపింది. కాసేపు కాఫీ తాగి రండని అందర్నీ బయటికి పంపించాను. ఏం చెయ్యాలో తోచక పంపించాను, అంతకు మించి అందులో పద్ధతి ఏమీ లేదు.

గది వెచ్చబరిచే పొయ్యి దగ్గర ఉక్కగా ఉంది. చొక్కా చేతులు మడిచాను. పిల్ల నా మణికట్టు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నీకెవరూ కట్టలేదా?" అంది.

శభాష్ అన్న మాట నోటిదాకా వచ్చింది నెద్కో. సగం నాలుక మీదే ఉంది. మింగేశాను.

"లేదు," అన్నాను.

"ఎందుకు? మీ ఇంట్లో ఎవ్వరూ లేరా?"

"ఉండేది. ఏటా ఆవిడే కట్టేది. జనవరిలో చనిపోయింది."

కాళ్ళు ఊపుకుంటూ ఆలోచించింది.

"మా బాతు కూడా చచ్చిపోయింది. నక్క ఎత్తుకుపోయింది, మొన్ననే. అంతా నెద్కో తాత వల్లే."

"ఆయనేం చేశాడు?"

"కంచె బాగు చేశాడుగా! ముందైతే సందులోంచి అటు పారిపోయేది. ఈసారి పారిపోదామని పోయింది, సందు లేదు. పొద్దున కంచె దగ్గరంతా ఈకలే ఉన్నాయి. తాతకి నేను చెప్పలేదు. ఏడుస్తాడు. పైకి అరుస్తాడు గానీ ఏడుస్తాడు."

ఆ మాటలన్నీ తను బల్గేరియన్‌లోనే చెప్పిందని నాకు ఇల్లు చేరే దాకా స్ఫురించలేదు. అప్పుడు బాతు గురించే ఆలోచిస్తున్నాను.

తర్వాత స్వెట్టరు అంచు నుంచి ఎర్ర పోగు ఒకటి లాగింది. బల్ల గుడ్డ కుచ్చు నుంచి తెల్లది లాగింది. పేనుతూ ఆగి, నా మొహంలోకి చూసింది.

"కొంగని చూశావా? చూసేస్తే కట్టకూడదు. నిజం చెప్పు."

"లేదు, చూళ్ళేదు," అన్నాను.

కట్టింది. "ఆరోగ్యంగా ఉండు తాతా," అంది.

"నువ్వు కూడా ఉండమ్మా," అన్నాను.

అప్పుడే సైకాలజిస్టు తలుపు తీసింది. విన్నది. "అబ్బ, ఎంత చక్కగా..." అని మొదలుపెట్టింది. చెయ్యెత్తి ఆపాను. అధ్యక్షుడిగా ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే అనుకో.

సెవ్దా మీ బడిలోనే ఉంటుంది. సంతకాలు అయిపోయాయి. ఆ పేజీ తీసెయ్యమని అన్ని బళ్ళకూ రాశాను. సూర్యుళ్ళ గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. ఒక్కసారిగా అంతా ఒప్పుకోమనకు.

వియోలెతా సంగతి నీకు చెప్పలేదు. మా గేటుకి ఆవిడ పోయిందని నోటీసు అంటించాను, ఫొటోతో సహా, ఆనవాయితీ ప్రకారం. వీధి అంతా చదివింది. శ్మశానంలో అందరూ నా భుజం తట్టి, "ప్రొఫెసర్‌గారూ, ఎంత బాగా తట్టుకుంటున్నారు," అన్నారు. ఒకరి తర్వాత ఒకరు. ఆ రోజు ఇంటికొచ్చాక ఎవరితోనూ ఏమీ చెప్పాలనిపించలేదు. నీతో కూడా.

ల్యూబెన్


కామెన్ దోల్,
ఏప్రిల్ 23

ఒరే ల్యూబెన్,

జనవరిలో పోయిన మనిషి సంగతి ఏప్రిల్‌లో చెబుతావా, దరిద్రుడా? ఫిబ్రవరిలో 'యథాప్రకారం' అని రాసింది ఇదేనా? నేను ఆవిడ బనిత్సా గురించి జోకులు రాస్తూ కూర్చున్నాను, నువ్వు చదువుతూ కూర్చున్నావు. రెండు బస్సులు మారితే రూసే. నా మోకాళ్ళు నొప్పులని నీకు తెలిసినా, నేను రానని ఎలా అనుకున్నావు? ఆరు నెలల సంస్మరణ జులైలో వస్తుంది. ఆ రోజు అందరికీ పంచే గోధుమలు నేను ఉడికించి తెస్తాను. రుకియె కూడా వస్తానంటోంది. 'వాడికి తల్లి లేదా' అన్నది ఆవిడే కాబట్టి, ఆ మాట నీ మొహాన ఒకసారి అడిగి తీరుతుంది. ఓర్చుకో.

బాతు సంగతి నాకు తెలియదు. పిల్ల చెప్పలేదు. కోళ్ళతో పాటు లోపలెక్కడో ఉందనుకున్నాను. నీ ఉత్తరం చదివి కంచె దగ్గరకెళ్ళి రెండు పలకలు ఊడదీశాను. సెవ్దా అటువైపు నుంచి చూస్తోంది.

"ఇప్పుడెందుకు? బాతు లేదుగా," అంది.

"ఇంకోటి కొనుక్కోరా మీరు?"

"కొంటే నీ క్యాబేజీ తింటుంది."

"తింటే అరుస్తాను."

"నేనూ అరుస్తా," అని లోపలికి పరుగెత్తింది. యాభై రోజుల తర్వాత నాతో ఆడిన మొదటి మాటలివి.

ఇక ఎర్ర సిరా సంగతి. నీ మార్చి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. కొంగలు నీ తల మీదుగా వెళ్ళాయనీ, చాలాసేపు చూస్తూ నిలబడ్డాననీ నువ్వే రాశావు. ఏడేళ్ళ పిల్ల నిజం చెప్పమని అడిగితే, కమిటీ అధ్యక్షుడివి, దాని మొహంలోకి చూసి చూళ్ళేదన్నావు. చేతికున్న దారం విప్పకు. మా ఊరి చెట్ల మీద కొంగ కనిపించినా, చూడనట్టు మొహం పక్కకి తిప్పుకో.

నీ ఉత్తరానికి మార్కు వెయ్యలేదు. జవాబు రాస్తున్నాను, అంతే.

నెద్కో